క్లాస్ జీరోలో ఎవరెవరున్నారు?

ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుల లిస్టు చూస్తే మా బ్రాంచిలో సగం మంది డాక్టర్లు అయిపోయినట్టే ఉంది. రెటీనా ఫొటోలు, ఛాతీ ఎక్స్‌రేలు, చర్మం మీద మచ్చలు, ఇప్పుడు కొత్తగా ప్రోస్టేట్ బయాప్సీ. స్లైడ్ ఇమేజ్ ఇస్తే క్యాన్సరో కాదో మోడల్ చెప్పేస్తుందట. పీపీటీ చివర్లో 98 శాతం యాక్యురసీ, ఒక కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్, ఆ తర్వాత థాంక్యూ స్లైడ్. నేను ఈ ప్రాజెక్టులకి వ్యతిరేకిని కాదు, నాకూ ఈ టాపిక్ ఇష్టమే. నా గొడవల్లా ఒకటే. క్యాన్సర్ ఎలా ఉంటుందో అందరం చదువుతున్నాం. క్యాన్సర్ కానిది ఎన్ని రకాలుగా ఉంటుందో ఎవరూ చదవట్లేదు.

తెలుగు క్లబ్బు కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. బెనైన్ అనే పదానికి తెలుగు వెతికాను. నిఘంటువు ‘నిరపాయకరమైన’ అంటోంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకే కాదు, మా అమ్మమ్మకి కూడా ఆ మాట నోరు తిరగదు. ఇంట్లో అయితే ‘మామూలు గడ్డేనంట, క్యాన్సర్ కాదంట’ అంటారు. గమనించారా, అది ఏమిటో చెప్పలేదు, ఏది కాదో చెప్పారంతే. మన డేటాసెట్లు కూడా సరిగ్గా ఇదే పని చేస్తున్నాయి.

ప్రోస్టేట్ అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. పేపర్లలో పౌరుష గ్రంథి అని రాస్తుంటారు. వయసు పైబడే కొద్దీ చాలామందికి ఇది ఉబ్బుతుంది. రాత్రి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం, ఇవన్నీ దానివల్లే. దీన్ని బీపీహెచ్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. చిక్కేమిటంటే పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష ఈ ఉబ్బుకీ పెరుగుతుంది, ఇన్ఫెక్షన్‌కీ పెరుగుతుంది, క్యాన్సర్‌కీ పెరుగుతుంది. అందుకే అనుమానం ఉంటే సూదితో ముక్కలు తీస్తారు, సాధారణంగా 10 నుంచి 12. ఒక్కోటి సేమియా పుల్లంత సన్నగా ఉంటుంది. ఆ పుల్లల్ని పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెడితే అప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది.

మామూలుగా వాడే రంగులు రెండు. హెమటాక్సిలిన్ కణాల కేంద్రకాల్ని నీలి ఊదాగా మారుస్తుంది, ఇయోసిన్ మిగతాదాన్ని గులాబీ చేస్తుంది. ప్రోస్టేట్ లోపల బోలెడు చిన్న గ్రంథులుంటాయి. ఒక్కోదాన్ని పైనుంచి చూసిన బావి అనుకోండి. లోపలి వరుసలో ద్రవం తయారుచేసే కణాలు. వాటి వెనక, బావికి ఒర ఉన్నట్టు, బేసల్ కణాల వరుస ఇంకొకటి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో ఈ రెండు వరుసలూ ఉంటాయి, బీపీహెచ్‌లోనూ ఉంటాయి. మామూలుగా కనపడే ప్రోస్టేట్ క్యాన్సర్‌లో వెనక వరుస ఉండదు. ఒర లేని బావులు చిన్నచిన్నగా, ఒకదాని మధ్యలో ఒకటి దూరినట్టు పుట్టుకొస్తాయి. కేంద్రకాలు పెద్దవవుతాయి, వాటిలో చుక్కల్లాంటి న్యూక్లియోలస్‌లు కొట్టొచ్చినట్టు కనపడతాయి.

ఇంతవరకూ వింటే తేలిగ్గానే ఉంది. ఇప్పుడు క్యాన్సర్ కాని వాటి జాబితా చూడండి. వయసుతోనో పాత వాపుతోనో క్షీణించిపోయిన గ్రంథులు ఉంటాయి. అవి ముడుచుకుపోయి, కేంద్రకాలు నల్లగా దగ్గరపడి, అచ్చం క్యాన్సర్‌లా బెదిరిస్తాయి. అడినోసిస్ అని ఇంకొకటి ఉంది. చిన్న గ్రంథులు గుంపుగా ఉంటాయి, వెనక వరుస అక్కడక్కడా తెగిపోయి ఉంటుంది. తక్కువ గ్రేడు క్యాన్సర్ పక్కన పెడితే కవలపిల్లలే. సూది కొంచెం పైకి వెళ్లి సెమినల్ వెసికిల్ ముక్క వచ్చిందనుకోండి, దాని కేంద్రకాలు రాక్షసంగా, వంకరటింకరగా ఉంటాయి. చూడగానే గుండె జారుతుంది. కానీ అది అక్కడ సహజంగా ఉండే కణజాలమే, దానిలోని బంగారు గోధుమ రంగు రేణువులే దాన్ని పట్టిస్తాయి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది గ్రాన్యులోమాటస్ ప్రోస్టటైటిస్. ఇది వాపు మాత్రమే, కానీ చూడటానికి అతి ప్రమాదకరమైన క్యాన్సర్‌లా ఉంటుంది. కారణాల్లో క్షయ ఒకటి. ఇంకొకటి బీసీజీ. అవును, మన భుజం మీద మచ్చ వదిలిన ఆ టీకా మందే. మూత్రాశయ క్యాన్సర్‌కి దాన్ని లోపలికి ఎక్కిస్తారు, ఆ తర్వాత కొందరికి ప్రోస్టేట్‌లో ఈ వాపు వస్తుంది.

ఇలాంటివి ఎదురైతే పాథాలజిస్టు అదనపు స్టెయిన్లు వేయిస్తారు. పి63, హై మాలిక్యులర్ వెయిట్ కెరటిన్ అనేవి వెనక వరుస కణాలకి పడతాయి. ఏఎంఏసీఆర్ ఎక్కువగా క్యాన్సర్ కణాలకి పడుతుంది. దీంతోనూ పని పూర్తికాదు. వెనక వరుస కనపడలేదంటే అది లేకపోవడం కావచ్చు, ఆ కోతలో పడకపోవడం కావచ్చు. అడినోసిస్‌లో కొన్ని గ్రంథులకి అసలు పడదు కూడా. ఏఎంఏసీఆర్ కూడా నిక్కచ్చి కాదు, క్యాన్సర్ కాని కొన్నిటికీ పడుతుంది. రెండు మూడు గ్రంథులే ఉండి ఏదీ తేలకపోతే రిపోర్టులో ‘ఎటిపికల్ స్మాల్ యాసినార్ ప్రొలిఫరేషన్’ అని రాస్తారు. పొట్టిగా ఏశాప్. అంటే అనుమానంగా ఉంది, కానీ క్యాన్సర్ అని సంతకం పెట్టడానికి ఈ ముక్క చాలదు అని.

ఇక మన వైపుకి వద్దాం. ఈ రంగంలో అందరం డౌన్‌లోడ్ చేసే డేటా పాండా ఛాలెంజ్‌ది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్, స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ కలిసి 2020లో కాగుల్‌లో పెట్టారు. శిక్షణకి 10,616 బయాప్సీ స్లైడ్లు ఇచ్చారు. చాలా గొప్ప పని, ఇలా ఉచితంగా ఇవ్వకపోతే మనలాంటివాళ్లకి ఒక్క స్లైడు కూడా దొరికేది కాదు. లేబుల్ 0 నుంచి 5 దాకా. 1 నుంచి 5 వరకూ క్యాన్సర్ గ్రేడులు. డొనాల్డ్ గ్లీసన్ 1966లో మొదలుపెట్టిన పద్ధతికి ఇప్పటి రూపం అనుకోవచ్చు. 0 అంటే క్యాన్సర్ లేదు. అంతే. క్షీణించిన గ్రంథి, అడినోసిస్, వాపు, ఏ తేడా లేని శుభ్రమైన కణజాలం, అందరికీ కలిపి ఒకటే సున్నా. మాస్కులు చూస్తే ఇంకా స్పష్టం. రాడ్‌బౌడ్ మాస్కుల్లో క్యాన్సర్‌కి మూడు రంగులు, క్యాన్సర్ కాని గ్రంథులకి ఒకటి. కరోలిన్‌స్కా వాటిలో అయితే గ్రంథీ, దాని చుట్టూ ఉండే కండా కలిపి మొత్తం ‘బెనైన్’.

దీనివల్ల నష్టమేంటో చిన్న లెక్క వేద్దాం, ఊహకే. టెస్ట్ సెట్లో 1000 స్లైడ్లు. వాటిలో పాథాలజిస్టు నిజంగా ఆగి ఆలోచించేవి 20. మన మోడల్ ఆ ఇరవైనీ తప్పు చెప్పి, మిగతా 980 కరెక్టుగా చెప్పింది. యాక్యురసీ 98 శాతం! డాక్టరుకి సాయం అక్కర్లేని చోటల్లా సాయం చేసి, కావాల్సిన చోట చెయ్యిచ్చిన మోడల్‌కి మనం ఓ గ్రేడ్ ఇస్తున్నాం. ఒకే పేషెంటు ప్యాచ్‌లు ట్రైన్‌లోనూ టెస్ట్‌లోనూ పడటం, స్లైడు మీది పెన్ను గీతల్ని మోడల్ బట్టీపట్టడం, ఇవి వేరే పాపాలు, వాటి గురించి సీనియర్లు ఇప్పటికే తిడుతున్నారు కాబట్టి వదిలేస్తున్నా.

యాక్యురసీ కాదు బాబూ, మేం క్వాడ్రాటిక్ వెయిటెడ్ కప్పా వాడాం అనేవాళ్లుంటారు. పాండాలో అధికారిక కొలమానం అదే. దాని శిక్ష చూడండి. అసలు గ్రేడుకీ మోడల్ చెప్పిన గ్రేడుకీ మధ్య తేడా వర్గాన్ని బట్టి పెనాల్టీ. గ్రేడు 4ని 5 అంటే పెనాల్టీ 1. సున్నాని 1 అన్నా పెనాల్టీ 1. మొదటిదాంట్లో పేషెంటుకి క్యాన్సర్ ఉందని ముందే తెలుసు, తీవ్రత దగ్గర ఒక మెట్టు తేడా వచ్చింది. రెండోదాంట్లో ఏమీ లేని మనిషికి క్యాన్సర్ అంటగట్టాం. ఫార్ములాకి రెండూ సమానమే. ఒక ఇంట్లో ఈ రెండూ సమానమా? ఛాలెంజ్ ఫలితాలు 2022లో నేచర్ మెడిసిన్‌లో వచ్చాయి. గెలిచిన మోడళ్లు క్యాన్సర్‌ని చాలా తక్కువగా వదిలేశాయి, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఎప్పుడూ చూడని ఆస్పత్రుల స్లైడ్లు ఇచ్చేసరికి, క్యాన్సర్ లేనివాటిని క్యాన్సర్ అనడం పెరిగింది. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. సున్నా అంటే ఏమిటో మనం వాటికి ఎప్పుడూ వివరంగా చెప్పలేదు కదా.

ఈ విషయం నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, పోయినేడాది మా తాతయ్య రిపోర్టులో ఆ ఏశాప్ మాట వచ్చింది. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ‘ఉందా లేదా, ఏదో ఒకటి చెప్పమను’ అని మావయ్య ఫోన్లో అరిచాడు. ‘నువ్వు కంప్యూటర్సే కదరా, ఏదో ఏఐ ఉందంటగా, అందులో పెట్టి చూడు’ అన్నాడు. పెట్టి ఉంటే అది నిమిషంలో ఏదో ఒకటి చెప్పేసేదే. 0.53 వచ్చినా ఆర్గ్‌మ్యాక్స్ క్యాన్సర్ అనే చెబుతుంది. డాక్టరు మాత్రం కొన్ని నెలలాగి మళ్లీ ముక్క తీద్దామన్నారు. ఆ నెలల్లో తాతయ్య పొలం కాగితాలన్నీ సర్ది బీరువాలో పెట్టేశాడు, మాతో చెప్పకుండానే. రెండోసారి తీసిన ముక్కల్లో క్షీణించిన గ్రంథులూ పాత వాపూ తప్ప ఏమీ కనపడలేదు. సంతోషమే, కానీ నా వాదనకి ఇది రుజువేం కాదు. క్యాన్సర్ బయటపడి ఉన్నా మొదటి రిపోర్టు మంచి రిపోర్టే. ఆ ముక్కలో ఎంత కనపడిందో అంతే రాశారు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. మన మోడళ్లకి మూడో జవాబు ఉండాలి. ఇది కొత్త ఐడియా కూడా కాదు, సి.కె. చౌ 1970లోనే రిజెక్ట్ ఆప్షన్ మీద లెక్కలతో సహా పేపర్ రాశాడు. కాన్ఫిడెన్స్ ఫలానా గీత దాటకపోతే ‘పాథాలజిస్టు చూడాలి’ అని పక్కన పెట్టడమే. అలా ఎన్ని పక్కన పెట్టింది, మిగిలినవాటిలో ఎన్ని తప్పు పోయాయి, ఈ రెండూ రిపోర్టులో రాయండి. నంబర్ తగ్గితే తగ్గనివ్వండి. నిజం ఆస్పత్రుల్లోకి వెళ్లినవి కూడా తీర్పరి పాత్ర తీసుకోవట్లేదు. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చిన పేజ్ ప్రోస్టేట్, ‘ఇక్కడ ఇంకోసారి చూడండి’ అని పాథాలజిస్టుకి చోటు చూపించే సాయం మాత్రమే చేస్తుంది.

రెండోది, క్యాన్సర్‌లా వేషం వేసే బెనైన్ స్లైడ్లతో ఒక టెస్ట్ సెట్ విడిగా ఉండాలి. అడినోసిస్ ఇన్ని, క్షీణత ఇన్ని, గ్రాన్యులోమా ఇన్ని అని పేర్లతో. ఇది కోలాబ్‌లో కూర్చుంటే దొరకదు, మెడికల్ కాలేజీ మెట్లెక్కాలి. ‘మా దగ్గర డేటా లేదు సర్’ అని రివ్యూలో చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చదు. పాథాలజీ డిపార్ట్‌మెంట్లలో ఏళ్లనాటి స్లైడ్లు చెక్క డ్రాయర్లలో పేర్చి ఉంటాయి, అడిగినవాళ్లే తక్కువ. మా టీమ్ ఒక మేడమ్‌ని అడిగింది. ఆవిడ పావుగంట టైమిచ్చి రెండు గంటలు చూపించారు, మధ్యలో ఒక స్లైడు పెట్టి ‘ఇదేంటో చెప్పండి’ అంటే ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. స్లైడ్లు స్కాన్ చేసుకోవాలంటే మాత్రం ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలట. ఫారం పధ్నాలుగు పేజీలుంది, పేషెంట్ల పేర్లు ఎలా తీసేస్తారో ప్రత్యేకంగా రాయమన్నారు. తొమ్మిదో పేజీలో ఉన్నాం.