కూల్చిన ఇల్లు ఎక్కడికి పోతుంది?

జెర్సీ సిటీలో నేను రోజూ పాత్ ట్రైన్ ఎక్కే జర్నల్ స్క్వేర్ స్టేషన్‌కి కాస్త దూరంలో ఒక పాత గిడ్డంగి ఉండేది. పోయినేడాది దాన్ని పడగొట్టారు. పీత డెక్కల్లాంటి దవడలున్న యంత్రం ఒకటి స్లాబుని కొరికి నమిలేది. కాంక్రీటు పొడిపొడిగా కిందకి రాలేది, లోపలి ఇనుప చువ్వలు సేమ్యాలా వేలాడేవి. కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాడికి ఇలాంటి దృశ్యాలంటే అదో సరదా. ఒకటి రెండు ట్రైన్లు వదులుకుని మరీ చూశాను.

సరిగ్గా అదే నెలలో హైదరాబాదులో మా ఇల్లు కూల్చారు. మల్కాజిగిరిలో నాన్నగారు 1978లో కట్టించిన ఇల్లు. అన్నదమ్ములిద్దరం కలిసి డెవలప్‌మెంటుకి ఇచ్చాం. నలభై పేజీల అగ్రిమెంటుని అక్షరం వదలకుండా చదివాను. మన వాటా ఎన్ని చదరపు అడుగులు, కారు పార్కింగు ఎక్కడ, ఆలస్యమైతే నెలకి అద్దె ఎంత, అన్నీ అడిగాను. శిథిలాలు ఎక్కడ పోస్తారని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

నెల తిరక్కుండా తమ్ముడు ఒక ఫోటో పంపాడు. పొద్దున్న నడకకి వెళ్తే చెరువు గట్టు పక్కన కొత్తగా పోసిన కుప్పలో ఎర్రగచ్చు ముక్క కనబడిందట. దాని మీద తెల్ల ముగ్గు గీత. వంటింటి గడప ముందు ఆ ముగ్గుని అమ్మ దగ్గరుండి గచ్చులో వేయించుకుంది. "టిప్పర్లు ఎక్కడ పోస్తాయో మనకేం తెలుసు అన్నయ్యా?" అన్నాడు. నిజమే, తెలియదు. తెలుసుకోవాలని ఎవరం అనుకోలేదు.

కూల్చిన ఇంట్లో ఇనుము ఎప్పుడూ చెరువులోకి పోదు, గమనించారా? మన ఊళ్ళలో కూల్చే కాంట్రాక్టరు చాలాసార్లు మనకే ఎదురు డబ్బిస్తాడు. చువ్వలు, తలుపులు, కిటికీలు, దూలాలు అమ్ముకుంటాడు కనక. పాత ఇనుప సామాన్లకి ఉల్లిపాయలిస్తామంటూ వీధిలో తిరిగిన బండివాడికి తెలిసిన అర్థశాస్త్రమే ఇది. తుక్కు ఇనుముకి ధర ఉంది. విద్యుత్ కొలిమిలో కరిగిస్తే మళ్ళీ కొత్త చువ్వ అవుతుంది. జెర్సీ సిటీకి కొద్ది దూరంలోనే, సేర్‌విల్‌లో, తుక్కు కరిగించి చువ్వలు చేసే కర్మాగారం ఉంది.

కాంక్రీటు సంగతి అలా కాదు. మన భాషలో చెప్పాలంటే ఇనుము సోర్స్ కోడ్, ఎన్నిసార్లయినా తిరగరాయొచ్చు. కాంక్రీటు కంపైలయిపోయిన బైనరీ. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడ్డాక మళ్ళీ సిమెంటుగా విడదీయడం మామూలు క్రషర్ వల్ల అయ్యే పని కాదు. పూర్వం సున్నంతో కట్టిన గోడల్లో ఇటుకలు గీకితే శుభ్రంగా వచ్చేవి, ఇంకో గోడకి పనికొచ్చేవి. సిమెంటు వదలదు. అదే దాని గొప్ప, అదే దాని జబ్బు.

అందుకని చేసేది ఒక్కటే, పగలగొట్టి కంకర చేయడం. పెద్ద పెళ్ళల్ని దవడ క్రషర్‌లో వేస్తారు. బెల్టు మీద పోతున్నప్పుడు పైన వేలాడే అయస్కాంతం మిగిలిన ఇనుప ముక్కల్ని లాగేస్తుంది. తర్వాత జల్లెళ్ళలో సైజుల వారీగా వేరవుతుంది. ఈ కంకర రాళ్ళకి పాత సిమెంటు గార అంటుకునే ఉంటుంది కనక నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, కొత్త కంకరంత దిట్టంగా ఉండదు. అందుకే ఎక్కువగా రోడ్ల అడుగు పొరల్లోకి పోతుంది.

పులాస్కీ స్కైవే మీద కారు నడిపినవాళ్ళకి ఇంకో చిక్కు చెబుతాను. 1932లో తెరిచిన ఆ వంతెన డెక్ పాడైపోతే, 2014లో న్యూయార్క్ వైపు వెళ్ళే దారి మూసి మార్చడం మొదలుపెట్టారు. మళ్ళీ తెరిచేసరికి 2018 అయింది. మంచు కరగడానికి చల్లే ఉప్పు కాంక్రీటులోకి దిగితే చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. అలా ఉప్పు పట్టిన కాంక్రీటుని కంకర చేసి కొత్త స్లాబులో వేస్తే రోగం కొత్త స్లాబుకీ అంటుతుంది. ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా రీసైక్లింగ్ కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2018లో ఈ దేశంలో నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు 60 కోట్ల టన్నులు. ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ పోగయ్యే మామూలు చెత్తకి ఇది రెట్టింపు కంటే ఎక్కువ. అందులో మూడింట రెండొంతులు కాంక్రీటే. న్యూజెర్సీలో 1987 నుంచి రీసైక్లింగ్ చట్టరీత్యా తప్పనిసరి. కాంక్రీటు, తారు, ఇటుకలు తీసుకునే కేంద్రాలకి 'క్లాస్ బి' అని విడిగా అనుమతి ఉంది. చెత్తదిబ్బకి పంపితే టన్నుకి ఇంత అని కట్టాలి కనక కాంట్రాక్టరే లెక్కేసుకుని క్రషర్ దగ్గరికి తోలుకుపోతాడు. ఇక్కడివాళ్ళు మనకంటే మంచివాళ్ళని నేననను. కలుషితమైన శిథిలాల్ని మంచి మట్టని చెప్పి జనం స్థలాల్లో పోసినవాళ్ళు ఇక్కడా ఉన్నారు. వాళ్ళని కట్టడి చేయడానికే 2020లో 'డర్టీ డర్ట్' చట్టం తెచ్చారు. తేడా మనుషుల్లో లేదు, పారబోయడానికి అయ్యే ఖర్చులో ఉంది.

మన దగ్గర ఏమీ లేదా అంటే, ఉంది. ఈ వ్యర్థాలకి 2016లో కేంద్రం విడిగా నియమాలు తెచ్చింది. అదే ఏడాది సవరించిన ఐఎస్ 383 ప్రమాణం, ఎం25 వరకు గ్రేడున్న ఇనుప చువ్వల కాంక్రీటులో 20 శాతం, చువ్వలు లేనిదాంట్లో 25 శాతం ఈ కంకర వాడొచ్చంది. హైదరాబాదులో 2020లో జీడిమెట్లలో, 2021లో ఫతుల్లాగూడలో రోజుకి 500 టన్నుల చొప్పున ఆడించే కేంద్రాలు మొదలయ్యాయి. అంటే మా ఇల్లు చెరువులోకే పోనక్కర్లేదు. పోవాల్సిన చోటు ఊళ్ళోనే ఉంది. పంపమని అడిగినవాడు లేడు, అంతే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇలా కంకర చేసినంత మాత్రాన వాతావరణం బాగుపడిపోదు. ప్రపంచపు కార్బన్ డయాక్సైడులో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదేనంటారు. కొత్త స్లాబుకి మళ్ళీ కొత్త సిమెంటే కావాలి కదా. మిగిలేవి ఒక గుట్ట, ఒక చెరువు. నా మటుకు అది చాలు. అసలు స్లాబు గట్టిగా ఉంటే ఇంజనీరుకి చూపించి, కూల్చకుండా బాగుచేసుకోవడమే అన్నిటికంటే మంచి రీసైక్లింగ్.

మనలో చాలామందికి ఊళ్ళో ఓ పాత ఇల్లుంటుంది. ఇవాళ కాకపోతే రేపు ఏ బిల్డరో ఫోన్ చేస్తాడు. అప్పుడు అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించండి: శిథిలాలు రీసైక్లింగ్ కేంద్రానికే చేరాలి, తూకం రసీదులు చూపించాకే తర్వాతి సంతకం. కార్ పార్కింగు కోసం వారం రోజులు ఈమెయిళ్ళు నడిపే మనకి ఇది పెద్ద పనేం కాదు. ఇక్కడ సీసాలు ఓ డబ్బాలో, కాగితాలు ఇంకో డబ్బాలో వేసి మురిసిపోయే నేను, అక్కడ మా ఇంటినే చెరువులో పోయించాను.

ఆ ఎర్రగచ్చు ముక్కని తమ్ముడు ఇంటికి తెచ్చి కడిగి దాచాడు. మిగతాదంతా ఆ గట్టు మీదే ఉంది. వానాకాలం వస్తే నీళ్ళలోకి జారుతుంది. దాన్ని ఎత్తించి ఫతుల్లాగూడ పంపడానికి టిప్పరుకి ఎంతవుతుందో కనుక్కోమన్నాను. ఈసారి రసీదు అడగడం మర్చిపోను.