చిట్టాకెక్కిన దాది

పసిబిడ్డను పరుల చేతికిచ్చి పనికి బోవు తల్లి యడుగు ప్రశ్న యొక్కటే: ఈమెను నమ్మవచ్చునా? ఇంగ్లండు దేశమున నీ ప్రశ్నకు సర్కారువారి చిట్టాయే సమాధానమని పెక్కురు తలంచుచున్నారు. ఆ తలంపు సగము మాత్రమే నిజము. ఉద్యోగములకై యచట గాపురముండు తెలుగు కుటుంబములును దీనిని గుర్తింపవలసియున్నది. గుంటూరునుండి వచ్చి మనుమని సాకు అమ్మమ్మకు బంధువగుటచే నీ నిబంధనలు వర్తింపవు. ఆమె తిరిగిపోయిన పిదపనే చిక్కు మొదలగును.

2006వ సంవత్సరపు శిశుసంరక్షణ చట్టము ననుసరించి, ఎనిమిదేండ్ల లోపు పరుల పిల్లలను తన యింట దినమునకు 2 గంటలకు మించి ప్రతిఫలము గైకొని సాకువారు నమోదు కావలసినదే. ఆఫ్‌స్టెడ్ అను తనిఖీశాఖలో నమోదై పసివారిని సాకువారి యింటికి తనిఖీదార్లు వచ్చి చూచెదరు. కాని యదే స్త్రీ బిడ్డ యింటికే వచ్చి సాకినచో దాది యనిపించుకొనును. దాదికి నమోదు నిర్బంధము కాదు. రెండు కుటుంబముల పిల్లలను ఆ రెండిండ్లలో నొకచోట జేర్చి సాకినను అడుగువారు లేరు. మూడవ కుటుంబము చేరినంతనే చట్టము మేల్కొనును! బిడ్డ మారలేదు, సాకు చేయి మారలేదు.

తన యింటనే గనుక తల్లిదండ్రులే దాదిని కనిపెట్టుకొందురని యీ యేర్పాటును సమర్థించువారి వాదము. తల్లిదండ్రులు ఇంటనే యుండగలిగినచో దాది యెందులకు?

ఇష్టమున్న దాది స్వచ్ఛందముగా చిట్టాకెక్కవచ్చును. ప్రథమచికిత్సలో శిక్షణ, నేరచరిత్ర పరిశీలన, భీమా మున్నగువాని కాగితములు చూపవలయును. అంతవరకు మేలే. ఐనను ఏటేట కొందరినే యేరి తనిఖీ చేయుదురు. ఆ తనిఖీయు షరతులు నెరవేరినవా లేదా యని తేల్చునే గాని, పని యెంత బాగున్నదని తూచి చెప్పదు. తల్లి మాత్రము ధ్రువపత్రము జూచి, ప్రభుత్వమువారు దాది పనిని కన్నులార జూచి యిచ్చినదని భ్రమపడును. చిట్టాకెక్కుటకు ముఖ్యమైన ప్రేరణ వేరు: తల్లిదండ్రులు 8 పౌనులు చెల్లించిన ప్రభుత్వము 2 పౌనులు కలుపు సాయము, నమోదైనవారికి చెల్లించు సొమ్మునకే లభించును. శిశువు క్షేమము కోశాగారపు లెక్క వెనుక నడచుచున్నదన్నమాట.

ఈ గజిబిజి యెంతవరకు బోయెనో 2009లో లోకమునకు తెలిసినది. ఇద్దరు మహిళా పోలీసుద్యోగులు వంతులవారీగా నొకరి బిడ్డ నొకరు చూచుకొనుచుండగా, అదియు ప్రతిఫలమే కనుక నమోదు కావలయునని ఆఫ్‌స్టెడ్‌వారు అడ్డగించిరి. దేశమున నలజడి చెలరేగెను. ప్రభుత్వము విషయమును పునఃపరిశీలించి, స్నేహితుల నడుమ నిట్టి యేర్పాటులను మినహాయించినది. జీతము పుచ్చుకొను దాదిని విడిచి, చెలిమిచే సాకు తల్లిని పట్టుకొన్న శాసనమును ఏమనవలెను?

దాదుల ప్రతి గృహమునకు తనిఖీదారుని పంపుమని మేము కోరుట లేదు. పరుల గడపలోనికి అధికారి చొరబడుట అందరికి సమ్మతము కాదు. జీతమునకు పిల్లలను సాకు ప్రతి దాదికిని నేరచరిత్ర పరిశీలన నిర్బంధము చేయవలయును. ధ్రువపత్రముపై, ఏ కాగితములు చూచిరో, పనిని ఎన్నడు తనిఖీ చేసిరో, చేయనిచో చేయలేదనియు స్పష్టముగా వ్రాయవలయును. అంతదనుక తల్లులు దాదిని పనిలో బెట్టుకొనకముందే యీ రెండు సంగతులను నోరు తెరచి యడుగుట మేలు.