ఐస్‌క్రీం పక్కన ఎలుకలా?

మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో బాల్ పైథాన్ వంటి విదేశీ పాములను పెంచుకునేవారికి నా విన్నపం ఒకటే. దానికి పెట్టే గడ్డకట్టించిన ఎలుకలను మీ వంటింటి ఫ్రీజర్‌లో ఉంచకండి.

గడ్డకడితే క్రిములు చస్తాయన్నది అపోహ. సాల్మొనెల్లా చలికి నిద్రపోతుందే గాని, పూర్తిగా నశించదు. బ్రిటన్‌లో 2015 నుంచి వందలమందికి సోకిన ఒక సాల్మొనెల్లాకు మూలం ఇటువంటి ఎలుకలేనని అక్కడి ఆరోగ్యాధికారులు తేల్చారు. బాధితులలో పసిపిల్లలూ ఉన్నారు. పాము పిల్లవాడి గదిలో ఉన్నా, ఫ్రీజర్ తలుపు మాత్రం ఇంటిల్లిపాదీ తెరిచేదే కదా!

మైనస్ 18 డిగ్రీల వద్ద పనిచేసే చిన్న ఫ్రీజర్ విడిగా కొనండి. పామును కొనగలిగినవారికి అది భారం కాదు. సంచిలో మంచుపెళ్లలు, గడ్డకట్టిన రక్తపు నీరు కనిపిస్తే, సరుకు దారిలో ఒకసారి కరిగిందని అనుమానించాలి. కరిగాక పొట్ట ఆకుపచ్చగా మారినా, దుర్వాసన వచ్చినా పారవేయండి. అయితే తాజాగా కనిపించినదంతా క్షేమమని కాదు. సాల్మొనెల్లాకు రంగూ లేదు, వాసనా లేదు. మూత బిగించిన డబ్బాలో కరగనివ్వండి. మైక్రోవేవ్ వద్దు, వంటింటి సింకు అసలే వద్దు. ఒకసారి కరిగినదానిని మళ్ళీ గడ్డకట్టించరాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఈ పాములను నమోదు చేయించడం తప్పనిసరి. చాలామంది ఆ భయంతోనే పాము సంగతి వైద్యునికి చెప్పరు. జ్వరం, విరేచనాలతో బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు దయచేసి దాచకండి.