నెక్స్ట్ నొక్కినంత మాత్రాన పని రాదు

ఆఫీసులో ఆన్‌లైన్ ట్రైనింగ్ ఎలా పూర్తి చేస్తామో మనందరికీ తెలిసిందే. వీడియో మ్యూట్‌లో పెట్టి, పక్క ట్యాబ్‌లో పని చేసుకుంటూ, మధ్యమధ్యలో వచ్చి నెక్స్ట్ నొక్కుతాం. చివర్లో పది ప్రశ్నలు. తప్పయితే మళ్లీ రాయొచ్చు. 80 శాతం దాటితే సర్టిఫికెట్. హెచ్ఆర్ వాళ్ల షీట్‌లో మన పేరు పక్కన పచ్చ రంగు పడుతుంది. రెండు వారాలయ్యాక అందులో ఏముందని ఎవరైనా అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటాం.

ఏసీ గదిలో కూర్చునే మనకి ఇది నవ్వుకునే విషయం. ఇదే పద్ధతి మా గుంటూరు, ప్రకాశం వైపు మిరప కళ్లాల్లోకి వస్తే నవ్వు రాదు.

ఎందుకో చెప్తాను. కోసిన కాయని వట్టి నేల మీద ఆరబోసినా, పూర్తిగా ఆరకుండానే టిక్కీల్లో తొక్కినా బూజు పడుతుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. కారం పట్టించినా, కూరలో ఉడికించినా అది పూర్తిగా పోదు. యూరప్‌కి వెళ్లే మిర్చిలో ఈ విషం కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని అక్కడి రూలు. దాటితే సరుకు అమ్ముడుపోదు. అంటే ఎక్స్‌పోర్టర్ కంటెయినర్ భవిష్యత్తు కళ్లంలో పట్టా పరిచే మనిషి చేతిలోనూ, తాలు కాయలు ఏరే అక్కల చేతుల్లోనూ ఉంది. వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చామని కాగితం మీద రాసుకుంటే బూజు ఆగదు.

మరి పనిచేసే ట్రైనింగ్ ఎలా ఉంటుంది? దీనికి మన పక్క రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రికిన్ గాంధీ, ఆయన తోటివాళ్లు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వ్యవసాయ పద్ధతుల్ని ప్రొఫెసర్ల చేత చెప్పించకుండా, ఆ చుట్టుపక్కల రైతులు చేసి చూపిస్తుంటే వీడియో తీశారు. వాటిని ఊళ్లో చిన్న గుంపులకి చూపించారు. టీవీ పెట్టేసి వెళ్లిపోలేదు. ఊరి మనిషే ఒకరు పక్కన నిలబడి, మధ్యమధ్యలో ఆపి, ప్రశ్నలు అడిగి, వాళ్ల అనుమానాలు తీర్చారు. ఎవరు ఏం అడిగారో, తర్వాత పొలంలో ఎవరు నిజంగా చేశారో రాసుకున్నారు.

మొత్తం 16 ఊళ్లు, 13 నెలలు. సగం ఊళ్లలో ఈ పద్ధతి, సగం ఊళ్లలో మామూలు సలహాలు. వీడియో ఊళ్లలో కొత్త పద్ధతుల్ని పాటించడం ఆరేడు రెట్లు పెరిగింది. పెట్టిన ఖర్చుతో పోల్చి చూస్తే పది రెట్లు మెరుగు. ఆ ప్రయోగమే తర్వాత డిజిటల్ గ్రీన్ అనే సంస్థ అయింది. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నేర్పడానికీ ఇలాంటి వీడియోలే వాడారు.

గమనించారా? వాళ్లు లెక్కపెట్టింది ఎంతమంది చూశారని కాదు, ఎంతమంది చేశారని.

ఇంకో సంగతి. 2006లోనే అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివాక పుస్తకం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. అంటే మాడ్యూల్ అయిపోయిన వెంటనే వచ్చిన 80 శాతం చూసి మురిసిపోవడానికేం లేదు. వారం తర్వాత మళ్లీ అడిగితేనే అసలు లెక్క తేలుతుంది.

ఇప్పుడు ఈ రెండూ కలిపి కళ్లంలో పెట్టి చూడండి. అఫ్లాటాక్సిన్ చరిత్ర మీద నలభై స్లైడ్లు అక్కర్లేదు. మూడు నిమిషాల వీడియో చాలు. అందులో సూటు వేసుకున్న నిపుణుడు కాదు, పక్క ఊరి అక్క ఉండాలి. మాట మన యాసలో ఉండాలి. సిగ్నల్ లేకపోయినా ఆడాలి. ఒక కుప్ప చూపించి వీడియో ఆగిపోవాలి: "ఏమ్మా, ఇందులో ఏ కాయలు తీసేస్తావు?" చుట్టూ కూర్చున్నవాళ్లు చెప్పాకే ముందుకెళ్లాలి. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ ఉండదు కాబట్టి మేస్త్రి ఫోన్‌లోనే పదిమందీ కలిసి చూసేలా ఉండాలి. వారం తర్వాత వేరే కుప్ప ఫొటోతో అదే ప్రశ్న మళ్లీ రావాలి. ఆఖరికి ఎవరో ఒకరు కళ్లానికి వెళ్లి పట్టా పరిచారో లేదో చూసి రావాలి.

ఈ చివరి పని ఏ యాప్ చేయలేదు. ఖర్చు ఎక్కువని చాలామంది కొట్టేసేదీ దీన్నే. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి చెప్తున్నా, వీడియో ప్లేయర్, క్విజ్, డాష్‌బోర్డ్ కట్టడం తేలిక. వెళ్లి చూసే మనిషికి జీతం ఇప్పించడమే కష్టం.

మీలో చాలామంది రేపో మాపో టీమ్ లీడ్‌లు అవుతారు. కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ తయారుచేయమని మీకే చెప్తారు. మొదటి స్లైడ్ తెరిచేముందు కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: ఇది చూసిన మనిషి సోమవారం పొద్దున ఏ పని వేరేగా చేస్తాడు? ఆ వాక్యం రాయలేకపోతే ఆ ట్రైనింగ్ అక్కర్లేదు. ఒక మెయిల్ పెట్టండి, చాలు.