జైలు నుంచి ఫోన్... బిల్లు ఇంటికి!

ఎస్టీడీ బూతుల రోజులు గుర్తున్నాయా? రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని అప్పటిదాకా ఆగడం, తీరా లైను కలిశాక మాట మీద కంటే మీటరు మీది ఎర్రంకెల మీదే దృష్టి పెట్టడం! 2006లో బీఎస్ఎన్ఎల్ 'వన్ ఇండియా' వచ్చాక దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయే అయింది. అమెరికాలోనూ మామూలు జనం దూరం లెక్కలు మర్చిపోయి చాలాకాలమైంది. ఒక్క జైళ్లలోనే ఆ లెక్క చాలా ఏళ్లు పోలేదు.

ఖైదీ ఇంటికి ఫోన్ చేస్తే చాలా ఏళ్లపాటు డబ్బు కట్టింది అవతల రిసీవర్ ఎత్తినవాళ్లే. దాన్ని 'కలెక్ట్ కాల్' అంటారు. కొన్నిచోట్ల రాష్ట్రం దాటే కాల్ కలిపినందుకే 3.95 డాలర్లు, ఆపైన నిమిషానికి 89 సెంట్లు. పావుగంట మాట్లాడితే 17 డాలర్లు దాటేది! కేంద్ర ప్రభుత్వ జైళ్లు కాస్త నయం. అక్కడ 2011లో లోకల్ కాల్ నిమిషానికి 6 సెంట్లు, దూరానికైతే 23. తీగల ఖర్చులో అంత తేడా ఉంటుందా అంటే... ఉండదు.

అసలు కిటుకు కాంట్రాక్టులో ఉంది. ఒక్కో జైలుకి ఒకే ఫోన్ కంపెనీ. దాన్ని ఎంచుకునేది అధికారులు. వసూళ్లలో కమిషన్ ఎక్కువ ఇస్తానన్న కంపెనీకే చాలాచోట్ల మొగ్గు ఉండేది. బిల్లు కట్టే తల్లికీ భార్యకీ మరో కంపెనీకి మారే దారే లేదు. రేటు తగ్గితే కమిషనూ తగ్గేది కదా, తగ్గించాలని ఎవరికుండేది?

కుటుంబాలు ఊరుకున్నాయా? ఇంటర్నెట్ ఫోన్ సంస్థల దగ్గర జైలున్న ఊరి కోడ్‌తో నంబరు తీసుకుని, దాన్ని ఇంటి ఫోనుకి మళ్లించుకున్నాయి. మనిషి ఎక్కడున్నా లెక్క లోకలే! జైలు ఫోన్ కంపెనీలు అది పసిగట్టి అలాంటి నంబర్లను ఆపడం మొదలెట్టాయి.

ఈ సంగతిని కోర్టుకెక్కించిన వారిలో ముందుండాల్సిన పేరు మార్తా రైట్. వాషింగ్టన్‌లో ఉండే రిటైర్డ్ నర్సు. చూపు లేదు కాబట్టి ఉత్తరాలతో పని జరగదు. మనవడినేమో దూర రాష్ట్రాల జైళ్లకు మారుస్తూ పోయారు. మిగిలింది ఫోనొక్కటే. 2000లో ఆవిడా, మరికొందరూ దావా వేస్తే, టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దగ్గరికి వెళ్లమంది కోర్టు. 2003లో అక్కడ అర్జీ పెట్టారు. జవాబు రావడానికి మరో పదేళ్లు! 2013లో ఎఫ్‌సీసీ రాష్ట్రం దాటే కాల్స్‌కి నిమిషానికి 21 సెంట్లు, కలెక్ట్ కాల్ అయితే 25 సెంట్లు మించకూడదంది. 2015లో ఆవిడ కన్నుమూశారు.

అయితే ఆ పరిమితి రాష్ట్రం లోపలి కాల్స్‌కి వర్తించలేదు. దాంతో లెక్క తిరగబడింది. చాలాచోట్ల దేశం ఆ చివరికి చేసే కాల్ చవక, పక్క ఊరికి చేస్తే ప్రియం! ఖైదీల్లో చాలామంది ఇల్లు అదే రాష్ట్రంలో ఉంటుంది కాబట్టి ఎక్కువమందికి దక్కింది తక్కువే. 2015లో ఈ కాల్స్‌కీ పరిమితి పెడితే, ఆ అధికారం ఎఫ్‌సీసీకి లేదని 2017లో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది.

2023 జనవరిలో మార్తా పేరుతోనే చట్టం వచ్చి, ఆ అధికారం ఇచ్చింది. 2024లో ఎఫ్‌సీసీ పెద్ద జైళ్లలో నిమిషానికి 6 సెంట్లు చాలంది. రాష్ట్రం లోపలైనా బయటైనా ఒకటే. కనెక్టికట్, కాలిఫోర్నియా, మిన్నెసోటా, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలైతే తమ జైళ్లలో ఏకంగా ఉచితం చేశాయి. మిగతాచోట్ల ఆరు సెంట్ల రేటు పూర్తిగా అమలయ్యేలోపే, 2025లో ఎఫ్‌సీసీ గడువు వాయిదా వేసింది. అదే ఏడాది పరిమితినీ పెంచింది.