ఏకాంతం అరణ్యంలో ఉన్నదా?

నగరజీవనంతో విసిగిన యువజనులలో కొందరు నేడు వీపున గుడారం మోసుకొని ఒంటరిగా అడవులకు బయలుదేరుతున్నారు. కిన్నెరసాని గోదావరిలో కలిసే బూర్గంపాడు ప్రాంతం అటువంటివారిని ఆకర్షించడం సహజమే. అక్కడినుండి కుక్కునూరు, వేలేరుపాడుల మీదుగా నదీప్రవాహాన్ని అనుసరించి దిగువకు సాగితే పాపికొండల అరణ్యం ఎదురవుతుంది. ఆ ఆకాంక్ష నింద్యం కాదు. భగవద్గీత ఆరవ అధ్యాయం ధ్యానయోగిని ఏకాకిగా, వివిక్తస్థలంలో నిలువమని ఉపదేశించింది. పదమూడవ అధ్యాయం ఏకాంతస్థల సేవనాన్ని జ్ఞానలక్షణాలలో చేర్చింది. వేదవాఙ్మయంలో ఒక విభాగానికి ఆరణ్యకమనే పేరే ఏర్పడింది.

అయితే ఈ ఆకాంక్షతోపాటు ఒక భ్రాంతి కూడ బయలుదేరుతున్నది. అరణ్యం నిర్జనమనీ, అది ఎవరికీ చెందదనీ, కనుక ఎవరినీ అడుగనక్కరలేదనీ తలచడమే ఆ భ్రాంతి. ఇది చట్టానికే కాదు, ధర్మానికీ విరుద్ధం.

పాపికొండల అభయారణ్యం 2008లో జాతీయ ఉద్యానవనమైంది. గోదావరికి ఇరువైపులా సుమారు 1,012 చదరపు కిలోమీటర్ల మేర అది విస్తరించి ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి అరణ్యంలో సందర్శకుడు అనుమతి లేకుండా ప్రవేశించరాదు, నిప్పు పెట్టరాదు. ఇది అధికారుల ఆడంబరం కాదు. ఫాల్గుణ చైత్రాలలో ఆకు రాలి నేలంతా ఎండినప్పుడు, రాత్రి వంటకై రగిల్చిన పొయ్యిలోని ఒక్క నిప్పురవ్వ చాలు. దాని ఫలం అనుభవించేవాడు తెల్లవారి వెళ్లిపోయే యాత్రికుడు కాదు. పరుగెత్తలేని పక్షిపిల్ల, ఇప్పపూవు ఏరుకొని బ్రతికే కోయ కుటుంబం.

వాల్మీకి రామాయణం ఈ విషయంలో స్పష్టమైన మార్గం చూపుతున్నది. గంగ దాటడానికి శ్రీరాముడు గుహుని సహాయం స్వీకరించాడు. భరద్వాజ మహర్షి సూచించిన పిదపనే చిత్రకూటం చేరాడు. అగస్త్యుని అడిగి తెలుసుకొన్న తరువాతనే పంచవటిలో నివాసం ఏర్పరచుకొన్నాడు. ఆ పంచవటి దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలయేనని భద్రాచల ప్రాంతీయుల విశ్వాసం. ధనుర్ధారియైన రాఘవుడే అడవి తెలిసినవారిని అడిగి అడుగు వేసినప్పుడు, దూరవాణి తెరపై పటం చూసుకొని బయలుదేరే యాత్రికునికి అడుగకుండ పోయే అధికారం ఎక్కడిది?

అనుమతిపత్రం తీసుకొని, స్థానికుడైన మార్గదర్శిని వెంటబెట్టుకొని వెళ్లితే అది ఏకాంతమెట్లా అవుతుందని ఆక్షేపణ రావచ్చు. దీనికి బృహదారణ్యకోపనిషత్తు సమాధానం చెప్పింది. సృష్ట్యాదిని ఒంటరిగా ఉన్న ప్రజాపతి భయపడ్డాడు. తనకన్న అన్యమైనది లేనప్పుడు దేనికి భయపడాలని విచారించాడు, భయం తొలగింది. అయినా ఆయనకు ఆనందం కలుగలేదు; రెండవదానిని కోరాడు. ఒంటరితనం భయాన్ని తొలగించలేదు, సుఖాన్నీ ఇవ్వలేదు. భయాన్ని తొలగించినది విచారణ. కనుక ఏకాంతమంటే మనుష్యులు లేని చోటు కాదు, విక్షేపం లేని చిత్తం. పది అడుగుల ముందు మౌనంగా నడిచే కోయ వృద్ధుడు ఆ చిత్తానికి అడ్డు రాడు. అడ్డు వచ్చేది చేతిలోని కెమెరా. దానిని మోసుకొని వెళ్లినవాడు తన వీక్షకులందరినీ వెంట తీసుకొని వెళ్లినట్లే.

అరణ్యకాండలో సీతాదేవి శ్రీరామునికి ఒక కథ చెప్పింది. ఒక తపస్వి వద్ద ఇంద్రుడు ఖడ్గాన్ని న్యాసంగా ఉంచాడు. దానిని కాపాడాలనే శ్రద్ధతో అతడు కందమూలాలకు వెళ్లినా వెంట పట్టుకొనే తిరిగాడు. క్రమంగా ఆతని బుద్ధి క్రూరమై, తపస్సు నశించింది. మనిషి నిత్యం చేత ధరించినది మనస్సును తనవంటిదానిగా మార్చుతుందని ఆ తల్లి హెచ్చరిక.

ఇంకొక సత్యాన్నీ యాత్రికుడు విస్మరింపరాదు. పోలవరం ముంపు కారణంగా 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఆ జలాశయం కొరకు ఈ గోదావరి తీరంలో కోయలు, కొండరెడ్లు తరతరాల ఊళ్లను విడిచి పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చింది. యాజ్ఞవల్క్యుడు తన ఆస్తిని భార్యలకు పంచి తానే గృహాన్ని విడువ సిద్ధపడ్డాడు, అది త్యాగం. ఇతరుల ప్రయోజనం కోసం అడవిని విడువవలసి వచ్చినవారిది త్యాగం కాదు, నష్టం. ఆ నష్టానికి అందమైన పేర్లు పెట్టడం అధర్మం. ఒకడు రెండు రాత్రుల శాంతికై వెదకుకొంటూ వచ్చే చోటు మరొకడు కోల్పోయిన ఇల్లు కావచ్చు.

కనుక అరణ్యానికి వెళ్లదలచినవారు వెళ్లవలసినదే. అనుమతి పొంది, అక్కడివారిని అడిగి, వారి శ్రమకు తగిన మూల్యమిచ్చి వెళ్లాలి. నిప్పు రగిల్చరాదు, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకొనిపోవాలి. ఊరిలోకి వచ్చిన అతిథికి గృహస్థుడు నీళ్లిచ్చి కుశలమడిగినట్లే, అతిథియైనవాడు కూడ గృహస్థుని కష్టసుఖాలు విచారించాలి. పాపికొండల త్రోవలో ఆ గృహస్థుడు కొండరెడ్డి. ఆతని మాట వినడానికి ఒక పూట కేటాయించిన యాత్రికుని సాధన అక్కడే ఆరంభమవుతుంది.