ఆపరేషన్‌కి లేని బోర్డర్ హక్కులకి ఎందుకు?

చింతూరు నుంచి కుంట రోడ్డు పట్టుకుంటే కాసేపటికే ఛత్తీస్‌గఢ్. మోటు వైపు తిరిగితే ఒడిశా. భద్రాచలం వైపు పోతే తెలంగాణ. మ్యాపులో ఇవి వేరే వేరే రాష్ట్రాలు, మనకి మాత్రం చుట్టాల ఊళ్లు. శబరికి అవతల మేనత్త, ఇవతల మేనమామ. మిరపకాయలు ఏరే సీజన్‌లో అటు నుంచి మనోళ్లు వస్తారు, పెళ్లిళ్లకి మనం అటు పోతాం.

మిత్రులారా, "ఉగ్రవాదంపై ప్రపంచ దేశాల సహకారం" అని టీవీలో వస్తే మీరేం చేస్తారు? నేనైతే ఛానెల్ మార్చేవాణ్ని. విమానాల్లో తిరిగే పెద్దోళ్ల గొడవ, మనకెందుకులే అనుకునేవాణ్ని. డిగ్రీ అయ్యాక ఉపా చట్టం మొదటి పేజీ చదివితే అప్పుడు తెలిసింది మనకెందుకో.

2001 సెప్టెంబర్ 11న అమెరికాలో దాడులు జరిగాయి. అదే నెల 28న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1373 నంబరు తీర్మానం చేసింది. ప్రతి దేశం ఉగ్రవాదాన్ని నేరం చేస్తూ చట్టం పెట్టాలి, వాళ్లకి డబ్బు వెళ్లే దారులు మూసేయాలి, ఒక దేశం సమాచారం ఇంకో దేశానికి ఇవ్వాలి. అయితే ఉగ్రవాదం అంటే ఏంటో మాత్రం అందులో రాయలేదు. ఎవరికి తోచిన అర్థం వాళ్లు రాసుకున్నారు. మన దేశంలో 2002లో పోటా వచ్చింది. 2004లో పోటాని ఎత్తేశారు గానీ దాంట్లో ముఖ్యమైనవి ఉపాలోకి వచ్చి చేరాయి. 2008లో బెయిల్ ఇంకా కష్టం చేశారు. 2009 జూన్‌లో మావోయిస్టు పార్టీని ఆ చట్టం కింద ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చారు. న్యూయార్క్‌లో పుట్టిన కాగితం అలా శబరి ఒడ్డుకి చేరింది.

ఉపా పీఠికలో 1373 పేరు ఉంటుంది. దాని తర్వాత భద్రతా మండలి తీర్మానాల నంబర్లు వరసగా ఉంటాయి. 2003లో చేసిన 1455 కూడా ఉంది. దాని తర్వాత మూడు రోజులకే అదే మండలి 1456 చేసింది. ఉగ్రవాదంపై ఏ చర్య తీసుకున్నా అది అంతర్జాతీయ చట్టానికి, ముఖ్యంగా మానవ హక్కుల చట్టానికి, శరణార్థుల చట్టానికి లోబడి ఉండాలని చెప్పేది అదే. మన చట్టం పీఠికలో ఆ నంబరు లేదు. 1455 ఆంక్షలకి సంబంధించింది, 1456 ప్రకటన లాంటిది, అందుకే పెట్టలేదని లాయర్లు చెప్పొచ్చు. కావచ్చు. కానీ దాని ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. కుంట దాటి, దోర్నపాల్ దగ్గర లోపలికి తిరిగితే చాలు.

ఆ దారిలో బుర్కాపాల్ ఉంది. 2017 ఏప్రిల్ 24న అక్కడ మావోయిస్టులు 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లని చంపారు. రోడ్డు పనికి కాపలాగా వచ్చినవాళ్లు. వాళ్లలోనూ పేదింటి పిల్లలే ఉంటారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆదివాసీలని పట్టుకొచ్చి ఉపా పెట్టారు. 2022 జులైలో ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. వాళ్లు అక్కడ ఉన్నారని గానీ, వాళ్ల దగ్గర ఆయుధాలు దొరికాయని గానీ రుజువు కాలేదు. మధ్యలో ఐదేళ్లు. ఐదు పోడు పంటలు, ఐదు తునికాకు సీజన్లు, ఐదు ఇప్పపువ్వు కాలాలు. కోర్టు తీర్పులో వీటికి లెక్క ఉండదు. జవాన్ల కుటుంబాలకి మాత్రం ఏం న్యాయం జరిగింది? అసలు చేసినవాళ్లు ఎవరో ఆ కేసు చెప్పలేకపోయింది.

మామూలు కేసులో 60 రోజులకో 90 రోజులకో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ అడగొచ్చు. ఉపాలో దాన్ని 180 రోజుల దాకా లాగొచ్చు. ఆ తర్వాత కూడా ఆరోపణ పైకి నిజంలా కనబడితే జడ్జి బెయిల్ ఇవ్వకూడదు. ఉగ్రవాదానికి డబ్బు అందకుండా చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ మన దేశం గురించి 2024 సెప్టెంబర్‌లో రిపోర్టు ఇచ్చింది. చాలావరకు మెచ్చుకుంది. అందులోనే విచారణలు బాగా ఆలస్యమవుతున్నాయని, కేసులు పేరుకుపోయి నిందితులు జైళ్లలో ఎదురుచూస్తున్నారని కూడా రాసింది. మెచ్చుకున్న ముక్క పేపర్లలో పెద్దగా వచ్చింది. రెండోది ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి, మనలో కొందరికి నచ్చకపోవచ్చు. పోలీసులు రాష్ట్రాలు దాటి సహకరించుకోవడమే తప్పని నేను అనను. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద దాడి చేసి మావోయిస్టులు చంపింది ఆదివాసీలనే. 2018 సెప్టెంబర్ 23న లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని చంపారు. ఇన్ఫార్మర్ అని ముద్రేసి చంపినవాళ్లలో ఎంతోమంది మనోళ్లే. ప్రాణాలకి రక్షణ కూడా మానవ హక్కే. అది అడగడానికి మనం మొహమాటపడితే, రేపు వాకపల్లి గురించి మాట్లాడినప్పుడు మన మాట ఎవరు వింటారు?

వాకపల్లి సంగతీ చెప్పుకోవాలి. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ వాళ్లు అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్లు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో, అంటే పదిహేనేళ్లు దాటాక, విశాఖ కోర్టు నిందితులని వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకి నష్టపరిహారం ఇవ్వమంది.

ఇప్పుడు బోర్డర్ విషయానికి వద్దాం. 2016 అక్టోబర్‌లో మన గ్రేహౌండ్స్ ఒడిశా పోలీసులతో కలిసి మల్కన్‌గిరిలో రామగూడ దగ్గర ఆపరేషన్ చేశారు. సమాచారం అటూ ఇటూ క్షణాల్లో పోతుంది. బలగాలకి రాష్ట్రం హద్దు అడ్డం కాలేదు. అదే హద్దు దగ్గర గొత్తికోయల కాగితాలు మాత్రం ఆగిపోయాయి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక, ఇటు జుడుం, అటు అన్నలు తరుముతుంటే వేలమంది శబరి దాటి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసీ కుర్రాళ్లకి తుపాకులిచ్చి పోరుకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పిచ్చారు. తీర్పు వచ్చింది గానీ పారిపోయి వచ్చినవాళ్ల బతుకు మారలేదు. సుక్మాలో ఎస్టీ అయిన మనిషికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ గగనం. అటవీ హక్కుల చట్టంలో కటాఫ్ 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత వచ్చినవాళ్ల పోడుకి పట్టా లేదు. ఫారెస్టు వాళ్లు గుడిసెలు పీకేస్తే అడిగే దిక్కు లేదు. యుద్ధం నుంచి పారిపోయి దేశం దాటితే శరణార్థి అంటారు. నది దాటితే ఏమనాలో మన ప్రభుత్వాలు ఇప్పటికీ తేల్చలేదు.

నేను అడిగేది ఇదే. పోలీసులు నాలుగు రాష్ట్రాలు కలిసి కూర్చున్నట్టే, ఈ నాలుగు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు, న్యాయసేవాధికార సంస్థలు కూడా ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి. సుక్మా మనిషిని చింతూరులో పట్టుకుంటే అక్కడి ఇంటికి కబురు ఎవరు చేరుస్తారు, కోయ తెలిసిన లాయర్ ఎవరు అనేది ముందే తేలి ఉండాలి. వలస కుటుంబాల లిస్టు పోలీసు ఫైలుగా కాకుండా రేషన్‌కి, బడికి, సర్టిఫికెట్‌కి పనికొచ్చేలా తయారవ్వాలి. చింతూరు ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే వినతిపత్రంలో మన మొదటి డిమాండ్ ఇదే కావాలి. ఎన్‌కౌంటర్ జరిగితే వేరే స్టేషన్ వాళ్లో సీఐడీనో దర్యాప్తు చేయాలని, మెజిస్టీరియల్ విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. మారేడుమిల్లిలో 2025 నవంబర్ 18న చనిపోయిన హిడ్మాకైనా, పేరు తెలియని కుర్రాడికైనా అదే రూల్. చనిపోయింది ఎవరో చూసి రూల్ మార్చకూడదు.

ప్రభుత్వాలు కూర్చునేలోపు మనం చేయగలిగింది ఉంది. అరెస్టు చేస్తే కారణం రాతలో ఇవ్వాలి. ఉపా కేసులో కూడా ఇవ్వాల్సిందేనని 2024 మే 15న ప్రబీర్ పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి. 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఎస్టీ అయితే చాలు, ఆదాయం చూడకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. దానికి 15100కి ఫోన్ చేయొచ్చు.

సుక్మా నుంచి వచ్చే కూలీల్లో చాలామందికి ఈ పోస్టు చదవడం రాదు, తెలుగు కూడా అంతంతమాత్రమే. మీకు కోయ వచ్చు. ఈ సీజన్‌లో మీ ఊరి మిరప తోటల్లోకి వాళ్లు దిగినప్పుడు, సాయంత్రం కూలీ లెక్కలు చూసుకునే టైముకి వెళ్లి ఈ నాలుగు ముక్కలు కోయలో చెప్పండి. ఆ నంబరు వాళ్ల ఫోన్‌లో మీరే ఎక్కించండి.